ఇంగ్లీషు పట్టా, అప్పు చిట్టా

గత వేసవి సెలవుల్లో ఒకనాడు అసర్ నమాజ్ ముగించుకొని మస్జిద్ వరండాలో కూర్చుని ఉన్నాము. పాతికేళ్ల క్రితం మా మదరసాలో నాజిరా చదువుకున్న ఒక శిష్యుడు, తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చి సలాం చేశాడు. ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు నడుపుకుంటున్న మనిషి. నెలకు పాతిక వేలు చేతికి వస్తే ఆ నెల మంచి నెల. అమ్మాయి ఇంగ్లీషు సాహిత్యం ప్రధాన పాఠ్యాంశంగా బి.ఎ. ప్రథమ శ్రేణిలో ముగించింది. ఎం.ఎ. ఇంగ్లీషు చదవాలన్నది ఆమె కోరిక. పొరుగు రాష్ట్రంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం సీటు ఇస్తామంది. ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి 2 లక్షలు. రెండేళ్లకు 4 లక్షలు. బ్యాంకు రుణపు దరఖాస్తు అప్పటికే అతని చేతిలో ఉంది.

“హజ్రత్, సంతకం పెట్టేముందు ఒక మాట అడగాలని వచ్చాను. ఈ అప్పు తీసుకోవచ్చునా?” అన్నాడు.

ఈ ప్రశ్న మాకు కొత్తది కాదు. సుమారు పదిహేనేళ్ల క్రితం మరొక తండ్రి ఇదే వరండాలో ఇదే ప్రశ్న అడిగాడు. “వడ్డీ హరామ్” అని ఒక్క మాటలో చెప్పి పంపివేశాము. చెప్పిన మాటలో తప్పు లేదు, కాని మాట అంతటితో ముగించటంలో తప్పుంది. ఆ తండ్రి బ్యాంకుకు వెళ్లలేదు. బజారులో నూటికి మూడు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చి కొడుకును చదివించాడు. నెలకు వడ్డీయే 1,800. మూడేళ్లు తిరగకముందే వడ్డీ అసలుతో సమానమయింది. అసలు మాత్రం అలాగే నిలిచి ఉంది. చివరకు ఇల్లాలి గాజులు కరిగిపోయాయి. ఈ సంగతి మాకు తెలిసేనాటికి ఆలస్యమయింది. ఒక తలుపు మూసేటప్పుడు ఆ మనిషి ఏ తలుపు వైపు నడుస్తాడో చూడటం కూడా చెప్పేవాని బాధ్యతేనని మేము ఆనాడు గ్రహించలేదు.

అందువల్ల ఈసారి వెంటనే జవాబివ్వలేదు. “కూర్చోండి. ముందు లెక్క వేద్దాం. ఆ తరువాత మసలా మాట్లాడుకుందాం” అన్నాము. ఆ సాయంత్రం కాగితం మీద వేసిన లెక్కనే, ఇదే ఆలోచనలో ఉన్న కుటుంబాలకు ఉపయోగపడుతుందన్న ఆశతో ఇక్కడ పొందుపరుస్తున్నాము.

భాష నేర్చుకోవటం తప్పు కాదు

మదరసా ఉపాధ్యాయుడు ఇంగ్లీషు చదువుకు అడ్డుపడతాడని కొందరి అపోహ. దైవప్రవక్త ముహమ్మద్ (స) తన లేఖకుడైన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించారు. ఆయన సుమారు పదిహేను రోజుల్లో దానిని నేర్చి, దైవప్రవక్త (స)కు వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించేవారు, జవాబులు రాసేవారు. బద్ర్ యుద్ధ ఖైదీలలో చదువు వచ్చినవారు ముస్లిం బాలలకు చదవటం, రాయటం నేర్పితే అదే వారి విడుదల పరిహారంగా పరిగణించబడిందని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. కనుక ఇంగ్లీషు నేర్చుకోవచ్చునా అన్నది ప్రశ్నే కాదు. ఆ పట్టా కొరకు ఎంత అప్పు మోయవచ్చు, ఆ పట్టా తెచ్చిపెట్టే సంపాదనతో ఆ అప్పు తీరుతుందా అన్నదే ఆలోచించవలసిన విషయం.

నాలుగు లక్షలు ఎన్ని లక్షలవుతాయి?

విద్యారుణాల పద్ధతి సాధారణంగా ఇలా ఉంటుంది. 4 లక్షల వరకు తీసుకునేవారు తమ వాటాగా ముందు సొమ్ము చూపనవసరం లేదు. ఆస్తి తాకట్టు కూడా ఉండదు. తండ్రి గాని, తల్లి గాని సహరుణగ్రహీతగా సంతకం చేయాలి. చదువు సాగుతున్నంత కాలం, ఆపై ఒక ఏడాది వరకు వాయిదాలు కట్టనవసరం లేదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ కాలంలో కట్టనవసరం లేనిది వాయిదా మాత్రమే. వడ్డీ ఆగదు. ఇచ్చిన రోజు నుండే లెక్కకు ఎక్కుతూ ఉంటుంది.

వడ్డీ ఏడాదికి 10 శాతం అనుకుందాం. మొదటి ఏడాది ఇచ్చిన 2 లక్షల మీద మూడేళ్లకు 60,000. రెండవ ఏడాది ఇచ్చిన 2 లక్షల మీద రెండేళ్లకు 40,000. అంటే మొదటి వాయిదా కట్టే నాటికి 4 లక్షల అప్పు 5 లక్షలయి కూర్చుంటుంది.

దానిని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 6,600 కట్టాలి. పదేళ్లకు మొత్తం దాదాపు 7,93,000. ఐదేళ్లలోనే తీర్చాలనుకుంటే నెలకు 10,600 పైచిలుకు, మొత్తం దాదాపు 6,37,000. వాయిదా తగ్గించుకున్నకొద్దీ చివరకు చెల్లించే మొత్తం పెరుగుతుంది. బ్యాంకు కాగితం మీద చిన్నదిగా కనిపించే నెలవారీ అంకెను మాత్రమే చూసి సంతోషించేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మా శిష్యుడు ఆ 7,93,000 అన్న అంకె కింద రెండుసార్లు గీత గీశాడు. అమ్మాయి మాట్లాడలేదు.

ప్రభుత్వ సహాయం సంగతి కూడా చూశాము. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకంలో, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉన్న విద్యార్థికి 10 లక్షల వరకు రుణం మీద, వాయిదాలు మొదలుకాని కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అయితే అది జాబితాలోని ఎంపిక చేసిన విద్యాసంస్థలకే వర్తిస్తుంది. ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవారికి ఆ కాలపు వడ్డీ మొత్తం ప్రభుత్వమే భరించే సదుపాయం ఉన్నా, అది సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులకు పరిమితం. ఎం.ఎ. ఇంగ్లీషు ఆ కోవలోకి రాదు. రుణం తీసుకొని తీరాలన్న కుటుంబం, తమ కళాశాల, తమ కోర్సు ఏ పథకంలో ఉన్నాయో ముందుగానే బ్యాంకులో రాతపూర్వకంగా తెలుసుకోవటం మంచిది.

పట్టా తెచ్చే జీతం ఎంత?

లెక్కకు ఇది రెండవ పక్క. ఇంగ్లీషు ఎం.ఎ. చేసినవారి ముందు మార్గాలు లేకపోలేదు. కాని వాటి మధ్య ఉన్న అంతరం భూమికి ఆకాశానికి ఉన్నంత.

మా పట్టణంలో ప్రైవేటు పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయినులు కొందరు మా శిష్యుల ఇళ్లవారే. మేము ఎరిగినంతలో వారికి ముడుతున్నది నెలకు 12,000 నుండి 18,000 వరకు. కొన్నిచోట్ల వేసవి రెండు నెలలకు జీతం ఉండదు. ఇది మొదటి మెట్టు.

ప్రభుత్వ పాఠశాలలో స్కూల్ అసిస్టెంటు ఉద్యోగమయితే, ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేతన సవరణ ప్రకారం మూలవేతనం 44,570తో మొదలవుతుంది. తెలంగాణలో అంతకుముందు సవరణ ప్రకారం అది 42,300. కరువుభత్యం, ఇంటి అద్దె భత్యం వేరు. డిగ్రీ కళాశాలలో యు.జి.సి. స్కేలు మీద సహాయ ఆచార్యునిగా చేరితే మూలవేతనం 57,700. నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించి పిహెచ్.డి.లో చేరినవారికి 2023 జనవరి నుండి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తరువాత 42,000 వస్తున్నాయి.

ఇప్పుడు అప్పును ఈ మెట్ల పక్కన నిలబెట్టి చూడండి. 44,570 మూలవేతనం వచ్చేవారికి 6,600 వాయిదా ఏడవ వంతుకు కొంచెం ఎక్కువ. కష్టమే గాని భరించవచ్చు. 15,000 జీతం వచ్చేవారికి అదే వాయిదా జీతంలో దాదాపు సగం. 5 లక్షల అప్పు ఆమెకు రెండేళ్ల తొమ్మిది నెలల పూర్తి జీతంతో సమానం. అప్పు ఒక్కటే, పట్టా ఒక్కటే. ఒకరికి అది చేతిలో సంచి, మరొకరికి నెత్తిన బండ.

“ప్రభుత్వ ఉద్యోగం వస్తుంది కదా హజ్రత్” అన్నాడు తండ్రి.

ఇన్‌షా అల్లాహ్, వస్తుంది. ఎప్పుడు? ఆంధ్రప్రదేశ్‌లో 2018 తరువాత పూర్తిస్థాయి డి.ఎస్సీ. మళ్లీ 2025లోనే జరిగింది. పోస్టులు 16,347. అన్ని సబ్జెక్టులు, అన్ని జిల్లాలు కలిపిన సంఖ్య ఇది. తెలంగాణలో 2017 నాటి నియామకాల తరువాత 2024లో 11,062 పోస్టులకు పరీక్ష పెట్టారు. రెండుచోట్లా ఎదురుచూపు ఏడేళ్లు. నెలకు 6,600 చొప్పున ఏడేళ్ల వాయిదాలు 5,54,000 పైచిలుకు. బ్యాంకు డి.ఎస్సీ. ప్రకటన కొరకు ఎదురుచూడదు. వాయిదా తప్పితే తండ్రి పేరు, బిడ్డ పేరు రెండూ రుణచరిత్రలో మచ్చపడతాయి. రేపు చెల్లెలి చదువుకో, షెడ్డులో యంత్రానికో రుణం అడిగినప్పుడు ఆ మచ్చ ఎదురవుతుంది.

కనుక మేము చెప్పే సూత్రం ఒక్కటే. అప్పును ఆశపడుతున్న ఉద్యోగంతో కొలవకండి. పట్టా చేతికి వచ్చిన ఆరు నెలల్లో తప్పక దొరికే ఉద్యోగంతో కొలవండి. ఆ జీతంలో ఇంటి ఖర్చు పోగా మిగిలేది వాయిదాకు చాలితే లెక్క కుదిరినట్లు. చాలకపోతే అప్పు తగ్గించాలి, లేదా మార్గం మార్చాలి. చదువు మానమని మేము ఎంతమాత్రం అనటం లేదు.

అమ్మాయి అడిగిన ప్రశ్న

అంతవరకు మౌనంగా ఉన్న అమ్మాయి అప్పుడు నోరు విప్పింది. “హజ్రత్, అప్పు నా పేరున ఉంటుంది. నికాహ్ తరువాత అది ఎవరు కట్టాలి?”

తండ్రి తల వంచుకున్నాడు. ఈ ప్రశ్న ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ ఎత్తలేదని తెలుస్తూనే ఉంది. నిజానికి ఆడపిల్లల చదువు కొరకు అప్పు చేసే ప్రతి ఇంటిలో ముందుగా ఎత్తవలసిన ప్రశ్న ఇదే.

షరీఅత్ ప్రకారం స్త్రీ సంపాదన ఆమె సొంతం. ఆమె అప్పు కూడా ఆమెదే. భర్త మీద ఆమె పోషణ బాధ్యత ఉంది గాని, నికాహ్‌కు ముందరి అప్పు తీర్చే బాధ్యత లేదు. ఆయన సంతోషంగా తీరిస్తే అది ఇహ్‌సాన్. మరి అత్తవారింట ఉద్యోగం వద్దంటే? పెళ్లి తరువాత ఊరు మారి ఉద్యోగం దొరకకపోతే? అప్పుడు ఆ వాయిదా తిరిగి తిరిగి టింకరింగ్ షెడ్డుకే వస్తుంది. అందుచేత అప్పు ఉన్న సంగతి, ఉద్యోగం చేయదలచిన సంగతి సంబంధం మాట్లాడేనాడే చెప్పాలి. దాచి చేసిన నికాహ్‌లో వాయిదా కాగితం వచ్చిన రోజున కలిగేది డబ్బు నష్టం మాత్రమే కాదు, నమ్మకానికే నష్టం.

మేము తండ్రిని కూడా ఒక మాట అడిగాము. “పెళ్లికని ఏమైనా దాచావా?” చీటీల మీద దాచినది రెండు లక్షల పైచిలుకు ఉందన్నాడు. జహేజ్‌కు, రెండు పూటల విందుకు అని చెప్పాడు. జహేజ్ కొరకు దాచిన సొమ్ము ఉండగా చదువు కొరకు వడ్డీకి అప్పు చేయటం ఏ లెక్కలో కుదురుతుందో మాకు బోధపడలేదు. ఆ మాట అతనితో మెల్లగానే అన్నాము. అతను వెంటనే ఔనని అనలేదు. బంధువులు ఏమంటారో అన్న భయం అతని ముఖంలో కనిపించింది. ఆ భయాన్ని మేము తేలికగా తీసిపారేయలేము. సమాజంగా మనమే దానిని పెంచి పోషించాము.

చౌక దారులు ఉన్నాయి

అదే చదువుకు వేరే దారులు ఉన్నాయా అని చూశాము. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమయింది. భాషా చదువుకు దేశంలోనే పేరున్న చోటు. 1998లో నెలకొన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఇంగ్లీషు ఎం.ఎ. ఉంది. ఇటువంటి ప్రభుత్వ విద్యాసంస్థలలో ఫీజు వేలల్లోనే ఉంటుంది. భోజనపు ఖర్చు నెలకు 5,000 అనుకున్నా ఇరవై నెలలకు లక్ష. అయితే ప్రవేశపరీక్షలో గట్టిగా నిలవాలి. ఒక ఏడాది ఆగి చదివి రాసినా, ఆ ఏడాది 7,93,000 కంటే చౌకే.

ఇంకొక సంగతి ఆ కుటుంబానికి తెలియలేదు. పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు కావటమే లక్ష్యమయితే, బి.ఎ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివిన ఆమెకు ముందుగా కావలసినది ఎం.ఎ. కాదు, రెండేళ్ల బి.ఇడి., ఆపై టెట్. ఎం.ఎ. ఎంత ఖర్చుపెట్టి చదివినా బి.ఇడి. లేనిదే స్కూల్ అసిస్టెంటు పరీక్షకు కూర్చోలేరు. ఎడ్‌సెట్ రాసి కన్వీనర్ కోటాలో సీటు పొందితే ఖర్చు చాలా తగ్గుతుంది. అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉంటుంది. ఆ సొమ్ము ఆలస్యమయి సర్టిఫికెట్ల దగ్గర తల్లిదండ్రులు ఇబ్బందిపడ్డ సందర్భాలు మనకు తెలుసు గనుక కొంత చేతిలో ఉంచుకోవటం అవసరం. ఎం.ఎ.ను ఉద్యోగం చేసుకుంటూ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా ఆ తరువాత ముగించుకోవచ్చు. 1982లో ఏర్పడిన నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇటువంటివారి కొరకే ఉన్నాయి.

కళాశాల అధ్యాపకురాలు కావాలన్నదే కోరిక అయితే మార్గం వేరు. అప్పుడు ఎం.ఎ. తప్పదు. ఏది కావాలో నిర్ణయించుకోకుండా అప్పు చేయటం, ఊరు పేరు తెలియకుండా బస్సు టిక్కెట్టు కొన్నట్లే.

ఇక మసలా

లెక్క ముగిసిన తరువాత తండ్రి మొదటి ప్రశ్నకు వచ్చాము. వ్యాపారాన్ని అల్లాహ్ ధర్మసమ్మతం చేశాడు, వడ్డీని నిషేధించాడు. ఇది బఖరా సూరా స్పష్టంగా తెలిపిన విషయం. ఇచ్చేవాని పాపం వేరు, కట్టేవాని ఇబ్బంది వేరు అని చెప్పి మేము దీనిని పలుచన చేయలేము. తప్పనిసరి అవసరం, అంటే జరూరత్, ఎక్కడ మొదలవుతుందో ఫుఖహాలు చర్చించారు. అది ప్రతి మనిషి పరిస్థితిని బట్టి ముఫ్తీ చెప్పవలసిన విషయం. అయితే ముఫ్తీ వద్దకు ఖాళీ చేతులతో వెళ్లకండి. ఇటువంటి లెక్క కాగితం తీసుకొని వెళ్లండి. వేరే చౌక దారి ఉండగా, దాచిన సొమ్ము ఉండగా, జరూరత్ అన్న మాట నిలబడుతుందా అన్నది ఆ కాగితమే చెబుతుంది.

వడ్డీ లేని అప్పు అయినంత మాత్రాన తేలిక కాదని కూడా గుర్తుంచుకోవాలి. మూడు దీనార్ల అప్పు మిగిలిపోయిన ఒక వ్యక్తి జనాజా నమాజ్ చేయించటానికి దైవప్రవక్త (స) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన మీద వేసుకున్న తరువాతే నమాజ్ చేయించారు. ఈ హదీసును మనం సాధారణంగా అప్పు భయం కొరకు చెబుతాము. అందులో అబూ ఖతాదా (రజి) లేచి నిలబడటం కూడా ఉంది. ఆ రెండవ సగాన్ని మన మొహల్లాలు మరచిపోయాయి.

ఖర్జె హసనా ఇచ్చేవారు ఊరికి పదిమంది ఉన్నా, ఇటువంటి ఇంటికి కావలసిన లక్ష రూపాయలు పుట్టకపోవు. లక్ష అప్పును 15,000 జీతగత్తె నెలకు 2,500 చొప్పున 40 నెలల్లో తీర్చగలదు. ఇచ్చిన అప్పును గడువుతో సహా రాసుకొని సాక్షులను పెట్టుకోవాలని బఖరా సూరా 282వ ఆయత్ బోధిస్తుంది. ఇబ్బందిలో ఉన్నవానికి వ్యవధి ఇవ్వాలని 280వ ఆయత్ చెబుతుంది. పేద విద్యార్థులు, అప్పులపాలైనవారు జకాత్‌కు అర్హులుగా ఉండవచ్చు. రుణగ్రస్తులను తౌబా సూరా 60వ ఆయత్ పేర్కొన్న ఎనిమిది వర్గాలలో ఒకటిగా చేర్చింది. ప్రతి రమజాన్‌లో మన ఊళ్లనుండి వెళ్లే జకాత్‌లో ఈ వర్గానికి ఎంత చేరుతున్నదో మస్జిద్ కమిటీలు ఒకసారి చూసుకోవాలి.

ఆ సాయంత్రం తరువాత

మగ్రిబ్ అజాన్ వినబడేసరికి కాగితం రెండు పక్కలా నిండిపోయింది. తండ్రి బ్యాంకు దరఖాస్తును చింపలేదు, సంతకమూ పెట్టలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మాయి మా లెక్క కాగితం అడిగి తీసుకుంది.

ఆ ఏడాది ఆమె ప్రైవేటు సీటు వదులుకుంది. ఇంట్లో కొద్దికాలం దుఃఖం కూడా ఉన్నదని తరువాత తెలిసింది. తోటి విద్యార్థినులు వెళ్లిపోతుంటే ఇంట్లో ఉండటం ఏ బిడ్డకైనా కష్టమే. ఇప్పుడు ఉదయం ఒక పాఠశాలలో ఇంగ్లీషు చెబుతూ, రాత్రిళ్లు ప్రవేశపరీక్షలకు చదువుకుంటున్నది. ఒక పక్క ఎడ్‌సెట్, మరొక పక్క కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఏది వస్తే అటు అని కాదు, రెంటికీ ఖర్చు లెక్క వేసి పెట్టుకున్నది. పెళ్లి చీటీ సొమ్ములో నుండి లక్ష ఆమె చదువుకని తండ్రి వేరుగా తీసి ఉంచాడట. బంధువులు ఏమన్నారో అతను చెప్పలేదు, మేము అడగలేదు.

పదిహేనేళ్ల క్రితం మా ఒక్క మాట విని బజారు వడ్డీకి వెళ్లిన ఆ తండ్రిని ఇటీవల జుమా నాడు కలిశాము. కొడుకు స్థిరపడ్డాడు, అప్పు తీరింది. గాజులు మాత్రం తిరిగి రాలేదు. ఆనాడు కాగితం, కలం తీసుకొని అతనితో కూర్చోనందుకు క్షమించమని అడిగాము. “చెప్పింది సరైన మాటే కదా హజ్రత్” అన్నాడు. మాట సరైనదే. సమయమే ఇవ్వలేదు.

చదువుకోవాలన్న బిడ్డల ఆశను, కష్టపడే తల్లిదండ్రుల వీపును రెంటినీ కాపాడే వివేకం మనకు, ఒకరి అప్పు బరువు మరొకరు పంచుకునే హృదయం మన మొహల్లాలకు అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.